స్టిల్ట్ ప్లస్ ఫైవ్: మన ఊళ్ళ స్కైలైన్ ఎందుకిలా ఉంటుంది?

హాస్టల్లో తెగని వాదనలు మూడు. హీరోల గురించి ఒకటి, బిర్యానీ గురించి ఒకటి, "మా ఊరే పెద్దది" అనేది మూడోది. ఒంగోలు వాడు, గుంటూరు వాడు, నెల్లూరు వాడు ఒకే గదిలో ఉన్నారంటే ఈ మూడోది రాత్రి భోజనం తర్వాత రోజూ ఉంటుంది. ఫోన్లు తీసి డ్రోన్ వీడియోలు చూపించుకుంటారు. మాది ముండ్లమూరు. మా స్కైలైన్ అంటే వాటర్ ట్యాంకు, సెల్ టవర్లు, ధ్వజస్తంభం, వేపచెట్లు, అంతే. పోటీలో లేను కాబట్టి నన్ను అంపైర్‌గా కూర్చోబెడతారు.

అంపైర్‌గా నాకు అర్థమైంది ఏంటంటే, ఆ వీడియోల మీద ఊరి పేర్లు తీసేస్తే ఏది ఎవరిదో వాళ్ళే చెప్పలేరు. అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. ఎవరో స్కేలు పెట్టి పైన గీత గీసి, అది దాటి కట్టొద్దు అన్నట్టు. ఆ గీత మీద నల్ల సింటెక్స్ ట్యాంకులు, రేకుల షెడ్డు, బట్టలు ఆరేసిన తీగ, అక్కడక్కడా హోర్డింగు.

ఆ గీత నిజంగానే ఉంది. దాని పేరు 18 మీటర్లు.

2017లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనల ప్రకారం 18 మీటర్లు, ఆ పైన ఉంటే దాన్ని హైరైజ్ భవనం అంటారు. ఇప్పుడు మామూలు లెక్క వేయండి. కార్ల కోసం కింద స్టిల్ట్, సుమారు రెండున్నర మీటర్లు. దాని మీద ఒక్కో అంతస్తు మూడు మీటర్ల చొప్పున ఐదు. పదిహేడున్నర. 18కి కాస్త ఇవతలే ఆగిపోయాం. ఇదే మన బిల్డర్లు రోజూ అనే స్టిల్ట్ ప్లస్ ఫైవ్. ఆరో అంతస్తు వేశారంటే కథ మొత్తం మారిపోతుంది. నివాస భవనం 18 మీటర్లు దాటితే ఫైర్ ఎన్‌వోసీ కావాలి. షాపుల కాంప్లెక్సు అయితే 15 మీటర్ల దగ్గరే కావాలి. చుట్టూ వదలాల్సిన ఖాళీ పెరుగుతుంది, ఎందుకంటే ఫైరింజన్ భవనం చుట్టూ తిరగగలగాలి. ముందున్న రోడ్డు వెడల్పుగా ఉండాలి. మన ఊళ్ళల్లో నాలుగైదు వందల గజాల స్థలంలో చుట్టూ అంత వదిలితే మధ్యలో మిగిలేది లిఫ్టు గుంత మాత్రమే అని ఒక సివిల్ సీనియర్ నవ్వుతూ చెప్పాడు. అతిశయోక్తే గానీ పెద్ద అబద్ధం కాదు.

రూలు ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. హైదరాబాదులో 2006లో ఎఫ్ఎస్ఐ పరిమితి ఎత్తేశారు. అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలి అన్న కట్టుబాటు పోయింది. ఆ తర్వాత పడమటి వైపు టవర్లు ఎలా లేచాయో మనందరికీ తెలుసు. కానీ ఆ సౌకర్యమే రేపు ఒంగోలుకి ఇచ్చినా ముప్ఫై అంతస్తులు లేస్తాయా? లేవు. ఎత్తు పెరిగేకొద్దీ చదరపు అడుగుకయ్యే ఖర్చు పెరుగుతుంది. పిల్లర్లు లావవుతాయి, పునాది లోతుకు పోతుంది (నల్లరేగడి నేలైతే ఇంకా చెప్పక్కర్లేదు), ప్రతి పది మీటర్ల ఎత్తుకూ నీళ్ళ పంపుకి దాదాపు ఒక బార్ ఒత్తిడి అదనం, రెండో లిఫ్టు, పెద్ద జనరేటరు. భూమి ధర ఈ అదనపు ఖర్చును మించిపోయినప్పుడే పైకి కట్టడం గిట్టుబాటు అవుతుంది. బైపాస్ పక్కన ఎకరాలకు ఎకరాలు ఖాళీగా ఉంటే పైకి ఎందుకు పోతారు? పక్కకు పోతారు.

మన స్కైలైన్‌లో ఇంకొక విశేషం చెప్పకుండా ఉండలేను. ఏ ఊళ్ళో చూడండి, సగం ఇళ్ళ మీద స్లాబు దాటి పిల్లర్ల చువ్వలు పైకి లేచి ఉంటాయి. తుప్పు పట్టకుండా కొందరు వాటికి సిమెంటు పాలు పూస్తారు, కొందరు ప్లాస్టిక్ సీసాలు బోర్లిస్తారు. పిల్లాడి ఉద్యోగం వచ్చాక పై అంతస్తు వేద్దామని. ఏ దేశపు స్కైలైన్ పుస్తకంలోనూ ఇవి ఉండవు గానీ, దర్శిలో, పొదిలిలో, మార్కాపురంలో భవిష్యత్తు అంటే కంటికి కనిపించేది అవే.

సరే, ఊళ్ళను పోల్చమంటే ఎలా పోల్చాలి? భవనాలు ఒకటే అయినప్పుడు తేడా తెచ్చేది నేల. విజయవాడకి ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండలు, మూడు కాలవలు, కృష్ణా నది, 1957లో పూర్తైన ప్రకాశం బ్యారేజీ ఉన్నాయి. ఏ కోణంలో ఫోటో తీసినా ఏదో ఒకటి ఫ్రేములోకి వస్తుంది. 2024 జనవరి నుంచి స్వరాజ్య మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం కూడా వచ్చింది. 81 అడుగుల పీఠంతో కలిపితే 206 అడుగులు. అంటే ఆ చుట్టుపక్కల స్టిల్ట్ ప్లస్ ఫైవ్‌ల కంటే మూడు రెట్లు పైన. విశాఖకి సముద్రం, డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి. దానికి వేరే పట్టింపులున్నాయి. తీరం పక్కన కోస్టల్ జోన్ నిబంధనలు (1991 నుంచి ఉన్నవే), ఇంకోవైపు నేవీ ఎయిర్‌ఫీల్డు. విమానం దిగే దారిలో నీ ఇష్టమొచ్చినంత ఎత్తు కడతానంటే ఊరుకోరు. అయినా ఎత్తు విషయంలో మన రాష్ట్రంలో విశాఖను కొట్టేది లేదని నా అంపైరింగు. గుంటూరు వాళ్ళు అలగొద్దు.

గుంటూరు గొప్పతనం పైకి చూస్తే కనపడదు, మ్యాపులో చూడాలి. బ్రాడీపేట, అరండల్‌పేట. దొరల పేర్లతో ఉన్న ఈ రెండు పేటల్లో లైన్లు ఒకవైపు, అడ్డరోడ్లు ఒకవైపు, గ్రాఫ్ పేపరు పరిచినట్టు. ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అంటే చాలు, ఆటోవాడు దించేస్తాడు. ఎక్స్, వై కోఆర్డినేట్లతో అడ్రస్ చెప్పే ఊరు మనకి ఇంకోటుందా? రైలు పట్టాలకి అటువైపు పాత గుంటూరు పూర్తిగా వేరే ప్రపంచం, సందులు సందులుగా.

ఇక మా జిల్లా కేంద్రం. 2011 లెక్కల ప్రకారం ఒంగోలు జనాభా రెండు లక్షల పైచిలుకు. కొండ మీది గుడి దగ్గర నిలబడి చూస్తే ఊరు మొత్తం ఆ గీత కిందే పరుచుకుని ఉంటుంది. ఒంగోలును పైనుంచి కాకుండా పేర్లతో చదవాలి. అద్దంకి బస్టాండ్ సెంటర్, నెల్లూరు బస్టాండ్, కర్నూలు రోడ్డు, చర్చి సెంటర్, ట్రంక్ రోడ్డు. సగం పేర్లు ఈ ఊరివి కావు, ఇక్కణ్ణుంచి వెళ్ళే ఊళ్ళవి. అద్దంకి వైపు పోయేవాళ్ళు దిగే చోట ఒక సెంటరు, కర్నూలు వైపు పోయే రోడ్డు మీద ఇంకోటి పుట్టాయి. కంభం, గిద్దలూరు, మార్కాపురం వాళ్ళకి ఒంగోలంటే ముందు కర్నూలు రోడ్డే.

మార్కాపురం ఇంకో రకం. అక్కడ చెన్నకేశవస్వామి గుడి గాలిగోపురం చుట్టూ పాత ఊరు. రైల్వే స్టేషన్ పేరే మార్కాపురం రోడ్. అంటే ఊరు ఇక్కడ కాదు, ఇది ఊరికి పోయే దారి అని బోర్డే ఒప్పుకుంటోంది. గోపురం కంటే ఎత్తుగా ఇల్లు కట్టకూడదని మన పెద్దవాళ్ళు అంటుంటారు కదా, దాన్ని మూఢనమ్మకం అని కొట్టేసేముందు ఫిలడెల్ఫియా సంగతి వినండి. అక్కడ సిటీ హాల్ శిఖరం మీద ఆ ఊరి వ్యవస్థాపకుడు విలియం పెన్ విగ్రహం ఉంటుంది. 167 మీటర్లు. ఆయన టోపీ కంటే ఎత్తు ఎవరూ కట్టకూడదని మాట. చట్టం కాదు, ఉత్త పెద్దమనుషుల ఒప్పందం. 1980ల వరకు అంత పెద్ద అమెరికా నగరం ఆ మాట మీద నిలబడింది. 1987లో వన్ లిబర్టీ ప్లేస్ వచ్చాకే ఆ కట్టు తెగింది.

అమెరికా మాట వచ్చింది కాబట్టి డౌన్‌టౌన్ సంగతి. దీనికి తెలుగు మాట ఏంటి? నిఘంటువులో వెతకొద్దు, మనకి ఉంది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం వాళ్ళం సెంటర్ అంటాం. విశాఖ వాళ్ళు జంక్షన్ అంటారు, సీమ వాళ్ళు సర్కిల్ అంటారు, తెలంగాణ వాళ్ళు చౌరస్తా అంటారు. నాలుగింటికీ అర్థం రోడ్లు కలిసే చోటు. డౌన్‌టౌన్ అంటే ఆఫీసులు గుంపుగా ఉండే చోటు. తేడా అంతా ఈ రెండు అర్థాల మధ్యే ఉంది.

నెబ్రాస్కాలో ఒమాహా అని ఊరుంది. మన సీనియర్లు కొందరు అక్కడ ఎమ్మెస్ చేశారు. 2020 లెక్కల్లో జనాభా ఐదు లక్షల లోపే, అంటే గుంటూరు కంటే చిన్నది. కానీ 2002లోనే అక్కడ ఒక బ్యాంకు 45 అంతస్తుల టవరు కట్టింది, 193 మీటర్లు. ఎందుకంటే రైల్వే కంపెనీ, ఇన్సూరెన్స్ కంపెనీ, బ్యాంకు హెడ్ ఆఫీసులు ఆ ఊళ్ళోనే ఉన్నాయి. మనకి గుంటూరులో, ఒంగోలులో హెడ్ ఆఫీసులు ఏవి? 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి తెలుగువాళ్ళ ఆఫీసు ఉద్యోగాలన్నీ దాదాపు ఒకే నగరంలో, ఆ నగరంలోనూ ఒకే మూల పోగయ్యాయి. నన్నడిగితే ఒంగోలుకి, నెల్లూరుకి, కర్నూలుకి రావాల్సిన అంతస్తులన్నీ గచ్చిబౌలిలో నిలబడి ఉన్నాయి. రేపు వాటిల్లో కూర్చోబోయేది మనమే.

అయితే ఒమాహా లాంటి ఊళ్ళను చూసి కుళ్ళుకునే ముందు ఇంకో సంగతి. అమెరికాలో 1956 చట్టంతో పెద్ద హైవేలు వచ్చాయి, జనం ఊరి చివర ఇళ్ళకి మారారు, షాపులు వాళ్ళ వెంట మాల్స్‌లోకి పోయాయి. ఏది ఎక్కడ ఉండాలో జోనింగ్ చట్టాలు ముందే విడదీశాయి: ఆఫీసు ఇక్కడ, ఇల్లు అక్కడ. దాంతో చాలా మధ్యస్థాయి నగరాల్లో సాయంత్రం ఐదు దాటితే డౌన్‌టౌన్ ఖాళీ. టవర్ల చుట్టూ పార్కింగ్ స్థలాలు. స్కైలైన్ బ్రహ్మాండం, కింద టీ తాగుదామంటే మనిషి లేడు. దాన్ని సరిచేయడానికి ఇప్పుడు అక్కడ మళ్ళీ పాత ఆఫీసులను అపార్టుమెంట్లుగా మారుస్తున్నారు.

మన సెంటర్లో ఒకే భవనంలో కింద బట్టల షాపు, పైన కళ్ళ డాక్టరు, ఆ పైన కోచింగ్, ఆ పైన ఓనరు కుటుంబం. చూడటానికి గందరగోళమే. కానీ రాత్రి పది వరకు దీపం ఆరదు. ముండ్లమూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి ఒంగోలు వచ్చిన మనిషి నడుచుకుంటూనే రక్తపరీక్ష ఇచ్చి, అది వచ్చేలోపు మోటారుకి వైండింగ్ చేయించి, కళ్ళజోడు మార్పించి, పెళ్ళి బట్టలు చూసి, రిపోర్టు తీసుకుని ఆఖరి బస్సు అందుకుంటాడు. ఆటోకి రూపాయి పెట్టడు. ఈ సౌకర్యానికి ఏ ప్లానరూ పేరు పెట్టలేదు, అందుకే పోతున్నా ఎవరికీ తెలియట్లేదు.

పోతోందా అంటే, పోతోందనే నా ఉద్దేశం. పదహారో నంబరు హైవే ఊరి పక్కన వెడల్పయ్యాక పెద్ద షోరూములు, ఫంక్షన్ హాళ్ళు, కొత్త ఆసుపత్రులు అటు పోతున్నాయి. అక్కడ స్థలం చవక, పార్కింగ్ దండిగా. కారున్నవాళ్ళకి సుఖమే. బస్సు దిగినవాడికి మాత్రం ఒక్కో పనికి ఒక్కో ఆటో. ఒమాహా 45 అంతస్తులు కట్టి ఖాళీ చేసుకున్న దాన్ని మనం ఒక్క టవరూ కట్టకుండానే ఖాళీ చేసుకునేలా ఉన్నాం. 2014లో రాజధాని ఎక్కడన్న చర్చలో దొనకొండ పేరు వినపడగానే మా వైపు ఎన్ని ఎకరాలు చేతులు మారాయో, ఎన్ని టవర్లు మాటల్లో లేచాయో అందరికీ గుర్తుంది. అలా ఊహించుకునే తీరిక మనకెప్పుడూ ఉంది. ఉన్న సెంటర్లో నడిచే ఫుట్‌పాత్ ఒకటి వేయించుకునే తీరికే లేదు.

ఒక సంగతి మర్చిపోకముందే చెప్పాలి. మా జిల్లాకి స్కైలైన్ లేదని ఎవరైనా అంటే చీమకుర్తి తీసుకెళ్ళండి. అక్కడ స్కైలైన్ కిందికి ఉంటుంది. గెలాక్సీ గ్రానైట్ క్వారీలు, మెట్లు మెట్లుగా భూమిలోకి దిగిన అంతస్తులు, అడుగున బొమ్మ కారంత కనిపించే టిప్పర్లు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు. ఆ పలకలు దేశదేశాల పెద్ద భవనాల లాబీల్లో, లిఫ్టుల పక్కన అతికించి ఉన్నాయి. పైకి లేచిన ప్రతి ఊరికీ ఎక్కడో ఒక ఊరు లోతవుతుందన్నమాట.

ఇక హాస్టల్ వాదనకి నా తీర్పు. డ్రోన్ వీడియోలు చెల్లవు. ఈసారి సెలవులకి పోయినప్పుడు మీ ఊరి బస్టాండులో దిగి, ఆటో ఎక్కకుండా, పదిహేను నిమిషాల నడకలో ఎన్ని రకాల పనులు అవుతాయో లెక్కపెట్టి రండి. నేను సంక్రాంతికి మూడు చోట్ల లెక్కపెట్టాను. ఒంగోలు అద్దంకి బస్టాండ్ సెంటర్లో ఇరవై రెండు. దర్శిలో పదిహేడు. ముండ్లమూరులో ఆరు, అందులో ఒకటి కటింగ్ షాపు, అది ఆదివారమే తీస్తారు.