నొప్పి లేనప్పుడే వెళ్లాలి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టే 'పాప్ స్మియర్' పరీక్షకు గ్రీసులో పుట్టి న్యూయార్క్‌లో పనిచేసిన డాక్టర్ జార్జ్ పాపనికొలావు పేరు పెట్టారు. ఆయన పరిశోధన మొదలైంది గినీపందుల మీద. మనుషుల దాకా వచ్చేసరికి ఆయన భార్య మేరీ ముందుకొచ్చి, ఏళ్ల తరబడి తన నమూనాలు ఇస్తూ వచ్చారు. 1928లో ఆయన ఫలితాలు చెబితే వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. 1943లో హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి పుస్తకం తెచ్చాకే కదలిక వచ్చింది. ఆ పరీక్ష వల్ల ప్రాణాలు దక్కిన లక్షల మంది స్త్రీలు మేరీకి కూడా రుణపడి ఉన్నారు.

ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంగతి తేల్చిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ సోకాక క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఇంత గడువిచ్చే జబ్బులు అరుదు. ఆ గడువులో పట్టుకుంటే క్యాన్సర్ రాకుండానే ఆపవచ్చు.

పట్టుకోవడానికి పెద్ద ల్యాబు కూడా అక్కర్లేదు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని పలచగా కలిపి, దూదితో గర్భాశయ ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగుతారు. తేడా ఉన్న చోటు తెల్లబడుతుంది. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. ముంబై మురికివాడల్లో సుమారు లక్షన్నర మంది స్త్రీలతో టాటా మెమోరియల్ ఆసుపత్రి జరిపిన అధ్యయనంలో, ఈ పరీక్షను డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేశారు. ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి!

అదే అధ్యయనంలో కార్యకర్తలు రొమ్ములను కూడా చేత్తో పరీక్షించారు. 50 దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

క్యాన్సర్ పరీక్షలే కాదు, ఏ బాధా లేకున్నా చేయించుకోవలసినవి ఇంకా ఉన్నాయి. గర్భిణుల షుగర్ పరీక్షకు పరగడుపునే వెళ్లాలని చాలామంది అనుకుంటారు. మన దేశంలో ప్రభుత్వం అనుసరించే పద్ధతిలో తిన్నా తినకపోయినా సరే, 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. షుగర్ 140 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే జాగ్రత్త పడాలి.

రక్తహీనత కూడా పరీక్షతోనే బయటపడుతుంది. దాని మందుకు మన భీమవరంతో బంధం ఉంది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్స్, దాన్ని నయం చేసే పదార్థం ఈస్టులో ఉందని 1931లో ప్రకటించారు. అదే ఫోలిక్ ఆమ్లం. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అలసటను ఇంటిపని ఖాతాలో వేసేసుకోవడం మన ఆడవాళ్లకు అలవాటు. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గిందేమో చూపించుకోవాలి.

మనసును కలచివేసే లెక్క ఇంకొకటి. అదే సర్వేలో 30-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు 2 శాతం కూడా లేరు. 30 నుంచి 65 ఏళ్ల వారికి అయిదేళ్లకోసారి చేయాలన్నది ప్రభుత్వ నియమం. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన 'ఆరోగ్య మహిళ' పథకం మంగళవారాన్ని ఆడవాళ్ల పరీక్షలకే కేటాయించింది. మీకు ముప్పై దాటితే మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడిగి ఎక్కడ చేస్తారో తెలుసుకోండి. వెళ్లేటప్పుడు అమ్మనో అత్తనో వెంట తీసుకెళ్లండి, వాళ్లకూ చేయించండి.