చెత్తదిబ్బ పోయాక ఆ నేల ఎవరిది?

ఏ పట్టణమైనా తన చెత్తను ఎక్కడ పారబోస్తుందో చూస్తే ఆ పట్టణం ఎవర్ని తన మనుషులుగా లెక్కపెట్టుకుంటుందో తెలుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పట్టణాల్లో తిరిగేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. కంపెనీ ఆఫీసుల పక్కనో, పెద్దవాళ్ళ కాలనీల పక్కనో డంపింగ్ యార్డు పెట్టిన మునిసిపాలిటీని మనం చూడలేదు. అది ఊరి చివర ఉంటుంది, గెడ్డ ఒడ్డున ఉంటుంది, పేదోళ్ళ పేటకి ఆనుకుని ఉంటుంది. ఆ చెత్తను ఎత్తే పని కూడా ఉత్తర కోస్తాలో తరతరాలుగా ఎక్కువగా రెల్లి కులస్తుల మీదే పడింది. చెత్త ఊరందరిదీ, దాని కంపు మాత్రం కొందరిదే అయింది.

ఇప్పుడు ఆ దిబ్బల్ని తొలగించి నేలను బాగుచెయ్యడానికి ప్రభుత్వాలు డబ్బు ఇస్తున్నాయి. ఇది మంచి మాటే. అయితే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, పనిని ఎలా కొలుస్తారు, శుభ్రమైన నేల చివరికి ఎవరి చేతికి పోతుంది అనే మూడు ప్రశ్నలు మన పేటల్లో ఇంకా చర్చకు రాలేదు. ఈ వ్యాసంలో ఆ మూడింటినీ వివరించే ప్రయత్నం చేస్తున్నాము.

ముందుగా ఆ నేల ఎందుకు పాడవుతుందో చూద్దాం. ఇళ్ళ చెత్తలో కూరగాయల తొక్కలతో పాటు బ్యాటరీలు, ట్యూబులైట్లు, రంగుల డబ్బాలు, మందుల సీసాలు కలిసి పోతాయి. ఏళ్ళ తరబడి కుళ్ళిన గుట్ట మీద వాన పడితే లోపలినుంచి నల్లటి ఊటనీరు దిగుతుంది. ఆ నీరు లోహాల్నీ రసాయనాల్నీ మోసుకుని భూమిలోకి, పక్కనున్న బావుల్లోకి పోతుంది. గుట్ట లోపల పుట్టే మీథేన్ వాయువు వేసవిలో అంటుకుని రోజుల తరబడి పొగ కక్కుతుంది. కాబట్టి పైనున్న గుట్టను ఎత్తేసినంత మాత్రాన కింద నేల బాగుపడినట్టు కాదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

డబ్బు ఎక్కడిది?

1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2000లో పట్టణ ఘన వ్యర్థాల నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2016లో వచ్చిన నియమాలు పాత దిబ్బల్ని శుద్ధి చెయ్యడానికో, కప్పెయ్యడానికో ఐదేళ్ళు గడువిచ్చాయి. ఆ గడువు 2021 ఏప్రిల్‌తో అయిపోయింది, దిబ్బలు మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. ఆ ఏడాది అక్టోబర్ 1న కేంద్రం స్వచ్ఛ భారత్ మిషన్ పట్టణ రెండో దశను ప్రారంభించింది. దేశమంతటా సుమారు 16 కోట్ల టన్నుల పాత చెత్తను తొలగించి, 15 వేల ఎకరాల పట్టణ భూమిని తిరిగి వాడుకలోకి తేవాలన్నది లక్ష్యం.

ఈ పథకంలో కేంద్రం వాటా పట్టణ జనాభాని బట్టి మారుతుంది. మన రాష్ట్రం లాంటి చోట్ల లక్ష లోపు జనాభా ఉన్న పట్టణానికి 50 శాతం, లక్ష నుంచి పది లక్షల దాకా 33 శాతం, పది లక్షలు దాటితే 25 శాతం. అంటే ఆరు కోట్ల రూపాయల పని అనుకుంటే బొబ్బిలికో ఆమదాలవలసకో పలాస-కాశీబుగ్గకో కేంద్రం నుంచి మూడు కోట్లు వస్తాయి. విజయనగరానికో శ్రీకాకుళానికో రెండు కోట్లే వస్తాయి. మిగతాది రాష్ట్రమూ పట్టణమూ పెట్టుకోవాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇలాంటి పట్టణాలకిచ్చిన గ్రాంటులో 30 శాతాన్ని పారిశుద్ధ్యానికీ చెత్త నిర్వహణకీ కట్టిపెట్టింది. ఆ గ్రాంటు అందాలంటే ఆస్తిపన్ను వసూలు పెరగాలని షరతు కూడా పెట్టింది. రాష్ట్రం 2021 నుంచి ఆస్తి విలువ మీద పన్ను వేసింది, చెత్త పన్ను కూడా మొదలుపెట్టింది. చెత్త పన్నును 2024 చివర రద్దు చేశారు. ఇన్ని దారుల్లో డబ్బు తిరుగుతున్నప్పుడు పేటలో గుడిసెవాడు కూడా దానికి కొంత చెల్లించినవాడే. ఎవరో దయతల్చి చేస్తున్న పని కాదిది.

ఇంకో సంగతి. 74వ రాజ్యాంగ సవరణ ఘన వ్యర్థాల నిర్వహణను మునిసిపాలిటీల పనుల జాబితాలో చేర్చింది. కానీ అడగాలంటే అడిగే సభ ఒకటి ఉండాలి కదా. 2021 మార్చిలో విజయనగరం కార్పొరేషన్‌కి ఎన్నికలు జరిగాయి. 2015లో కార్పొరేషన్‌గా మారిన శ్రీకాకుళానికి అప్పుడు కూడా జరగలేదు. కౌన్సిల్ లేని చోట పట్టణం బడ్జెట్ అధికారుల బల్ల మీదే పుట్టి అక్కడే ముగుస్తుంది. వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం చెప్పింది మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకే. 2011 లెక్కల ప్రకారం మన రెండు జిల్లాల్లో ఏ పట్టణానికీ అంత జనాభా లేదు. కాబట్టి వాడ మాట వినే వేదికను వాడే తయారుచేసుకోవాలి.

పనిని దేనితో కొలుస్తారు?

పాత గుట్టను పొరలు పొరలుగా తవ్వి, వరుసలుగా పేర్చి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, వారాల తరబడి తిరగేసి, జల్లెడ యంత్రంలో వేస్తారు. దీన్నే బయోమైనింగ్ అంటున్నారు. మట్టి ఒకవైపు, రాళ్ళూ పెంకులూ ఒకవైపు, ప్లాస్టిక్కూ గుడ్డపీలికలూ ఒకవైపు వస్తాయి. ప్లాస్టిక్‌ని సిమెంటు కర్మాగారాలకి ఇంధనంగా పంపుతారు. కాంట్రాక్టరుకి బిల్లు టన్నుల లెక్కన పడుతుంది.

2024లో అధికారంలోకి వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం 85 లక్షల టన్నుల పాత చెత్తను 2025 అక్టోబర్ 2 లోపు తీసేస్తామని ప్రకటించింది. ఇదీ టన్నుల లెక్కే. ఆ జల్లెడ మట్టి ఎవరి పొలంలోకి పోయింది, అందులో సీసం, క్రోమియం ఎంతుందో పరీక్షించారా, పేటలో బావినీళ్ళు ముందూ తర్వాతా ఎలా ఉన్నాయి అన్నవి టన్నుల్లో కనపడవు. యంత్రం దగ్గర ముక్కుకి గుడ్డ కట్టుకుని నిలబడిన కూలీ కూడా ఆ లెక్కలో లేడు. గుట్టలో పాత ఇనుమూ ప్లాస్టిక్కూ ఏరుకుని బతికిన ఆడవాళ్ళ బతుకుతెరువు యంత్రం రాగానే పోతుంది. దానికి ఏ పద్దులోనూ పరిహారం లేదు.

సబ్‌ప్లాన్ గురించి జాగ్రత్తగా ఉండాలి. 2013 నాటి ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం ప్రకారం ఆ డబ్బు దళితులకి నేరుగా ప్రయోజనం కలిగించే పనులకే పోవాలి. ఆ చట్టాన్ని 2023లో మరో పదేళ్ళు పొడిగించారు. దళితవాడ పక్కనుంది కదా అని దిబ్బ తొలగించిన ఖర్చుని సబ్‌ప్లాన్ ఖాతాలో రాస్తే మాత్రం ఒప్పుకోకూడదు. ఊరందరి చెత్తను ఎత్తడానికి మన వాటా డబ్బు వాడడం మనల్ని రెండోసారి ఊడిపించడమే. సబ్‌ప్లాన్ నుంచి అడగాల్సింది మంచినీళ్ళ గొట్టాలు, ఆరోగ్య పరీక్షలు, బతుకుతెరువు.

నేల ఎవరికి?

దిబ్బ ఉన్నన్నాళ్ళూ ఆ భూమికి ధర లేదు. శుభ్రమయ్యాక అది పెరిగిన పట్టణం మధ్యలో ఉన్న ఖరీదైన జాగా అవుతుంది. అప్పుడది పార్కు అవుతుందా, షాపింగ్ కాంప్లెక్సు అవుతుందా, వేలానికి పోతుందా? ముందే తీర్మానం లేకపోతే కంపు భరించిన పేటకి అక్కడ చోటుండదు. పైగా కొత్త చెత్తకి కొత్త జాగా కావాలి. దాన్ని ఇంకో ఊళ్ళో దళితులకిచ్చిన డీ పట్టా భూమిలో వెతుకుతారు. అసైన్డ్ భూమిని తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో మేకల పాండు కేసులో చెప్పింది. ఈ తీర్పును మన కార్యకర్తలు దగ్గర పెట్టుకోవాలి.

కర్మాగారాల విషంతో పాడైన నేలల సంగతి వేరు. వాటికోసం 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. స్థానిక సంస్థగానీ జిల్లా యంత్రాంగంగానీ ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల జాబితా ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో తొలి పరిశీలన చెయ్యాలి. పాడుచేసినవాడే ఖర్చు భరించాలి, వాడు దొరక్కపోతే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పెట్టుకోవాలి. మామూలు చెత్తదిబ్బల్ని ఈ నియమాల నుంచి మినహాయించారు. అయితే దిబ్బలో చేరిన ప్రమాదకర రసాయనం నిర్ణీత పరిమితి దాటితే ఆ స్థలం కూడా వీటి కిందకి వస్తుంది. అందుకే మట్టి పరీక్ష అంత ముఖ్యం. పరీక్ష లేకుండా "శుభ్రమైంది" అని రాసిన కాగితాన్ని మనం నమ్మనక్కర్లేదు.

ఇవన్నీ తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం ఉంది. ప్రాజెక్టు నివేదిక, కాంట్రాక్టు ఒప్పందం, ఎం.బుక్, మట్టి, నీటి పరీక్షల ఫలితాలు, శుద్ధి తర్వాత భూమి వాడకంపై తీర్మానం, ఈ ఐదు కాగితాలు అడగాలి. కాలేజీ విద్యార్థులు, ఉపాధ్యాయులు పేటలో కూర్చుని వాటిని చదివి వినిపించాలి.

మహద్ మునిసిపాలిటీ చౌదార్ చెరువును అంటరానివాళ్ళకి తెరుస్తూ 1924లోనే తీర్మానం చేసింది. ఆ తీర్మానం మూడేళ్ళు కాగితం మీదే ఉంది. 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట వేలమంది నడిచి వెళ్ళి నీళ్ళు తాగారు. ఆ ఏడాదే మునిసిపాలిటీ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది, కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. పట్టణ సంస్థ ఇచ్చే హక్కు ఎంత తేలిగ్గా వెనక్కి పోతుందో అక్కడ చూశాం. మన పట్టణాల్లో ఇంకా తీర్మానమే లేదు. దిబ్బ కరిగేలోపే దాన్ని రాయించుకోవాలి.