కంటెయినర్ల గుంపులో కాపలాదారు

జహీరాబాదు మీదుగా పోయే 65వ నెంబరు జాతీయ రహదారి పక్కన కాసేపు నిలబడండి. పెద్ద పెద్ద ఇనుప పెట్టెలు మోసుకుపోయే లారీలు కనబడతాయి. అవే కంటెయినర్లు. లోపల ఏ సరుకున్నా పెట్టె కొలతలు మాత్రం ముందే నిర్ణయించినవి. అందుకే లారీ నుంచి రైలుకూ, ఓడకూ సులువుగా మార్చవచ్చు.

కంప్యూటర్లలోనూ ఇలాంటి పెట్టెలున్నాయి. ఒక ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన సామగ్రినీ కలిపి కట్టిన మూటే కంటెయినర్. అనేక కంప్యూటర్లను జతచేసి, వాటిమీద వందలాది కంటెయినర్లను నడిపే ఏర్పాటు క్లస్టర్. 2014లో గూగుల్ సంస్థ బయటపెట్టిన కూబర్నెటీస్ ఈ పనే చేస్తుంది. గ్రీకు భాషలో ఆ మాటకు చుక్కాని పట్టేవాడని అర్థం. ఇలాంటి క్లస్టర్లు నడిపేందుకు వీలైన కేంద్రాలను అమెజాన్ సంస్థ 2022 నవంబరులో మన హైదరాబాదు ప్రాంతంలోనే ప్రారంభించింది.

పరీక్ష ఫలితాల రోజున లక్షలమంది ఒకేసారి మార్కులు చూడబోతే ఏ ప్రోగ్రాము మీద భారం పెరుగుతోందో వెంటనే తెలియాలి గదా! అందుకు ఒక కాపలాదారు ప్రొమీథియస్. 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో దీని తయారీ మొదలయింది. నర్సు వార్డులో తిరిగి నాడి చూసినట్లు, ఇది నిర్ణీత వ్యవధికొకసారి ప్రతి ప్రోగ్రామునూ పలకరించి లెక్కలు రాసుకుంటుంది.

ఆ లెక్కలను గ్రాఫులుగా గీసే గ్రఫానా క్లస్టర్ బయట ఉందనుకోండి. అది లోపలి ప్రొమీథియస్‌ను ఎలా చేరుతుంది? చిక్కు ఇక్కడే. లోపలి చిరునామా సాధారణంగా బయటివారికి పనికిరాదు. పైగా పాత కంటెయినర్ పోయి కొత్తది వస్తే చిరునామా కూడా మారిపోతుంది. హాస్టలులో రోజూ గది మారే మిత్రుణ్ణి వెతికినట్లే! వార్డెనుకు పేరు చెబితే ఇప్పుడున్న గది చూపిస్తాడు గదా. క్లస్టర్‌లో ఆ వార్డెను పేరు సర్వీస్.

బయటినుంచి సర్వీస్‌ను చేరేందుకు మార్గాలున్నాయి. నోడ్‌పోర్ట్ పద్ధతిలో ప్రతి కంప్యూటరుకూ ఒకే నెంబరు తలుపు తెరుస్తారు. మామూలుగా ఆ నెంబరు 30000కూ 32767కూ మధ్య ఉంటుంది. అక్కడినుంచి దారి ప్రొమీథియస్ ఉండే 9090వ తలుపుకు పోతుంది. ఇంగ్రెస్ పద్ధతిలో అందరికీ ఒకే సింహద్వారం. వచ్చినవారు అడిగిన పేరునుబట్టి దారి చూపుతుంది.

అయితే తలుపు తెరిస్తే చాలదు. మనం ఏర్పాటు చేయనిదే ప్రొమీథియస్ పాస్‌వర్డు అడగదు! దారి తెలిసిన అపరిచితుడెవరైనా లెక్కలన్నీ చదవవచ్చు, బరువైన ప్రశ్నలతో దాన్ని సతమతం చేయవచ్చు. 2021లో ప్రొమీథియస్‌కే తాళం వేసే వీలు వచ్చింది. కాని వేయవలసింది మనమే.

మనిషి మారినా, గది మారినా పేరు మారని ఏర్పాట్లు మీ ఊళ్ళో ఏమేమి ఉన్నాయో ఆలోచించండి. బస్టాండులోని విచారణ కిటికీతో మొదలుపెట్టండి!