వంగడం నేర్చుకున్న గొట్టం

దమ్మపేట వైపు కడుపులో మంటకు మొదటి వైద్యం గ్యాస్ బిళ్ళ. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర సూది. ఆయిల్‌పామ్ గెలలు కోసే రోజుల్లో వేళకు తిండి ఉండదు కాబట్టి మంట అందుకేనని సర్దుకుపోతారు. బరువు తగ్గాకో, విరేచనం నల్లగా అయ్యాకో సత్తుపల్లికో, ఖమ్మానికో వెళ్తే అక్కడి డాక్టరు ఎండోస్కోపీ చేద్దామంటాడు. "నోట్లోంచి గొట్టం వేస్తారంట" అన్న మాట వినగానే బస్సెక్కి వెనక్కి వచ్చేసేవాళ్ళూ ఉన్నారు.

ఆ భయానికి ఒకప్పుడు గట్టి కారణమే ఉండేది. 1868లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో అడాల్ఫ్ కుస్‌మౌల్ అనే వైద్యుడు పొట్టలోకి చూడాలని తయారుచేయించింది 47 సెంటీమీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్ల లావు ఉన్న తిన్నటి లోహపు గొట్టం. మామూలు రోగి దాన్నెలా మింగుతాడు? అందుకని కత్తులు మింగే గారడీవాణ్ణి పిలిపించాడు. గొట్టమైతే దిగింది గానీ, దీపం వెలుగు చాలక లోపల ఏమీ సరిగా కనపడలేదు.

1932లో రుడాల్ఫ్ షిండ్లర్, పరికరాలు చేసే గేయార్గ్ వోల్ఫ్ కలిసి కింది భాగం కాస్త వంగే గొట్టం చేశారు. లోపల వరసగా కటకాలు, కొసన బుల్బు. ఎక్కువ వంచితే బొమ్మ పోయేది. అందుకే షిండ్లర్ భార్య గాబ్రియేలె రోగి తలను రెండు చేతులా పట్టుకుని, గొట్టం దారికి తగ్గట్టు మెడను తిప్పుతూ ఉండేది. యంత్రం అంతగా వంగదు కనుక మనిషే వంగాలి. పరీక్ష సవ్యంగా సాగడంలో ఆవిడ పనితనం షిండ్లర్ పనితనానికి తీసిపోదు. పేరు మాత్రం ఆయనకే వచ్చింది.

అసలు మలుపు గాజు పోగుల్లో ఉంది. 1954 జనవరిలో 'నేచర్' పత్రికలో హెరాల్డ్ హాప్కిన్స్, పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఒక వ్యాసం రాశారు. సన్నటి గాజు పోగుల కట్టలోంచి బొమ్మను అవతలి కొసకు పంపవచ్చని అందులో చూపారు. పోగులోకి దూరిన కాంతి గోడకు తగిలి మళ్ళీ లోపలికే మళ్ళుతూ సాగిపోతుంది. పోగు వంగినా దారి తప్పదు. చిక్కల్లా పోగూ పోగూ ఆనుకున్న చోటే: కాంతి పక్కదాంట్లోకి కారి బొమ్మ మసకబారేది. ఆ వ్యాసం చదివి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో బేసిల్ హిర్షోవిట్జ్ అనే వైద్యుడు ఈ పని వెంట పడ్డాడు. అక్కడే చదువుకుంటున్న కుర్రాడు లారెన్స్ కర్టిస్ 1956 చివర్లో ఉపాయం కనిపెట్టాడు. గాజు కడ్డీని మరో రకం గాజు గొట్టంలో దూర్చి, వేడిచేసి, రెంటినీ కలిపి ఒకే పోగుగా లాగాడు. పోగు పోగుకూ గాజు తొడుగు వచ్చింది, కాంతి కారడం ఆగింది. ఇప్పుడు ఊళ్ళకు ఇంటర్నెట్ మోసుకొచ్చే ఫైబర్‌లో ఉన్నదీ ఈ కిటుకే. 1957 ఫిబ్రవరిలో హిర్షోవిట్జ్ ఆ పరికరాన్ని ముందు తానే మింగి, ఆ తర్వాతే రోగికి వేశాడు. వైద్యుడంటే అలా ఉండాలనిపిస్తుంది నాకు.

1983లో పోగుల స్థానంలో కొసనే చిన్న కెమెరా చిప్ వచ్చి చేరింది, బొమ్మ తెర మీదికెక్కింది. కర్నూలులో వైద్యం చదివిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి హైదరాబాద్‌లో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పి, ఈ విద్యలో ఆ నగరానికి పేరు తెచ్చారు. అమెరికా ఎండోస్కోపీ వైద్యుల సంఘం ఆయనకిచ్చిన పురస్కారం షిండ్లర్ పేరిటదే.

ఇప్పటి గొట్టం సుమారు చిటికెన వేలంత లావు. డాక్టరు చేతిలోని చక్రాలు తిప్పితే కొస ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. పరీక్షకు ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. పొట్టలో అన్నం ఉంటే గోడ కనపడదు, పైగా వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. షుగరు మందులు, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. కట్టుడు పళ్ళు తీసేయాలి. గొంతులో మొద్దుబారే మందు కొట్టి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ బిళ్ళ పెడతారు. "పెద్దమ్మా, ఒక్క గుటకెయ్యి" అంటుంది నర్సు. కష్టమంతా ఆ గుటక దగ్గరే: డోకు వస్తుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఊపిరి మాత్రం ఆగదు, ఎందుకంటే గొట్టం పోయేది అన్నవాహికలోకి, గాలి గొట్టంలోకి కాదు. గాలి ఊది పొట్టను ఉబ్బిస్తారు కనుక త్రేనుపులు వస్తాయి, సిగ్గుపడక్కర్లేదు. సాధారణంగా పది నిమిషాల్లోపే అయిపోతుంది. కావాలంటే మత్తు సూది ఇస్తారు.

అవసరమైతే చిన్న పటకారుతో గోడ నుంచి ముక్క తీస్తారు; అప్పుడు నొప్పి తెలియదు. అల్సర్లకు ముఖ్య కారణమైన హెలికోబాక్టర్ పైలోరీ సూక్ష్మజీవి ఆ ముక్కలో ఉంటే, పరీక్ష కిట్‌లోని పసుపు రంగు గులాబీకి మారుతుంది. దానికి మందులున్నాయి.

గొంతు మొద్దు వదిలేదాకా టీ కూడా తాగకూడదు, పొలమారుతుంది. మత్తు ఇస్తే ఆ రోజు బండి నడపకూడదు, తోడు మనిషి ఉండాల్సిందే. చాలా అరుదుగా గోడకు చిల్లు పడటమో, రక్తం కారడమో జరుగుతుంది. ఇంటికొచ్చాక గట్టి కడుపునొప్పి, రక్తపు వాంతి, నల్లటి విరేచనం ఉంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. ముక్క రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా బిళ్ళలతో మంట తగ్గినా సరే, ఆ కాగితం తెచ్చుకోవడానికి మళ్ళీ బస్సెక్కాలి.