అల్సాస్: రైన్ నది ఒడ్డున ఒక సరిహద్దు సీమ

ఫ్రాన్సు అనగానే మనకు పారిస్ నగరమే గుర్తుకు వస్తుంది. యానాం శ్రోతలకైతే ఇంకా దగ్గరి సంగతులే గుర్తుకు రావచ్చు. ఈ పూట పారిస్ జోలికి పోకుండా, ఆ దేశానికి తూర్పు అంచున జర్మనీని ఆనుకుని ఉన్న అల్సాస్ అనే సీమ గురించి చెప్పుకుందాం. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, కచేరీలో ఇంకో భాషతో నెట్టుకొచ్చే సరిహద్దు జిల్లాల వాళ్లకు ఆ సీమ కథ త్వరగానే అర్థమవుతుంది.

ముందు నేల సంగతి చూద్దాం. అల్సాస్‌కు పడమట వోజ్ కొండలు, తూర్పున రైన్ నది. ఈ రెంటి నడుమ ఉత్తర దక్షిణాలుగా సుమారు 190 కిలోమీటర్ల పొడవున సన్నని మైదానం ఉంది. వెడల్పు 50 కిలోమీటర్లకు మించదు. అట్లాంటిక్ వైపు నుంచి వచ్చే మబ్బులు వోజ్ కొండల పడమటి వాలులోనే కురిసిపోతాయి. అందువల్ల ఇవతలి వైపున్న కొల్మార్ పట్టణం ఫ్రాన్సులో వాన తక్కువ పడే చోట్లలో ఒకటి. పడమటి కనుమలు వానను ఆపేస్తే బళ్లారి, అనంతపురాలు ఎండినట్టే అనుకోండి. కాకపోతే అక్కడ ఆ పొడి వాతావరణం ద్రాక్షకు బాగా కలిసివచ్చింది. కొండవాలు పొడవునా ద్రాక్షతోటలే.

ఇక్కడి రెండు జిల్లాల పేర్లు ఎగువ రైన్, దిగువ రైన్. పటంలో చూస్తే దిగువ రైన్ పైన, ఎగువ రైన్ కింద ఉంటాయి. రైన్ నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది మరి.

ముఖ్యపట్టణం స్ట్రాస్‌బూర్. రోమన్లు క్రీస్తుపూర్వం 12లో ఇక్కడ దండు దింపారు. తరువాత వచ్చిన ఇప్పటి పేరుకు ‘బాటల మీది కోట’ అని అర్థం. 842లో షార్లమేన్ చక్రవర్తి మనుమలు ఇద్దరు, తమ అన్న మీద పోరుకు ఒకటై, ఇక్కడే ప్రమాణాలు చేసుకున్నారు. ఎదుటివాడి సైన్యానికి తెలియాలని, ఒకరి జనం భాషలో మరొకరు ప్రమాణం చేశారు. ఫ్రెంచికి మూలమైన జనభాషలో మనకు దొరికిన మొట్టమొదటి రాతల్లో ఆ ప్రమాణపాఠం ఒకటి. అంటే రెండు భాషల వాసన ఆ ఊరికి పన్నెండు వందల ఏళ్లనాడే ఉందన్నమాట.

తరువాత అనేక శతాబ్దాలు ఈ సీమ జర్మన్ సామ్రాజ్యంలో ఉంది. 1648 సంధితో చాలా భాగం ఫ్రాన్సు రాజుకు దక్కింది. 1681లో పద్నాలుగో లూయీ సేనలు స్ట్రాస్‌బూర్‌ను పట్టుకున్నాయి. జనం మాత్రం తమ అల్సేషియన్ మాటనే మాట్లాడుకున్నారు. అది జర్మన్ కుటుంబానికి చెందిన మాండలికం. విచిత్రం ఏమిటంటే, ఫ్రాన్సు జాతీయగీతం పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. 1792 ఏప్రిల్‌లో రూజే ద లీల్ అనే సైనికాధికారి రైన్ సేన కోసం ఒక్క రాత్రిలో దాన్ని కట్టాడు. మార్సెయ్ నుంచి వచ్చిన దళం దాన్ని పాడుతూ పారిస్‌లో అడుగుపెట్టింది. పేరు మార్సెయ్‌కి పోయింది.

1870 యుద్ధంలో ఫ్రాన్సు ఓడింది. మరుసటి ఏడు సంధిలో బెల్ఫోర్ తప్ప అల్సాస్ అంతా, పక్కనున్న లొరెన్‌లో కొంతా జర్మనీకి పోయాయి. ఫ్రాన్సు పౌరులుగానే ఉంటామనేవారికి 1872 అక్టోబరు 1 వరకు గడువిచ్చారు. కాని అలా కోరుకున్నవారు ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లాలి. యానాం, పుదుచ్చేరిల ఒప్పందం 1962లో అమలుకు వచ్చినప్పుడు కూడా అక్కడివారికి ఫ్రెంచి పౌరసత్వం కోరుకునే వీలు ఆరు నెలలపాటు ఉండేది. కాని అందుకు ఊరు విడవాల్సిన పని లేకపోయింది. ఈ తేడా చిన్నది కాదు.

ఆ రోజుల మీద అల్ఫాన్స్ డోడే రాసిన ‘ఆఖరి పాఠం’ కథను పన్నెండో తరగతి ఇంగ్లీషు వాచకంలో చదివినవారు మీలో ఉండే ఉంటారు. రేపటి నుంచి బడిలో ఫ్రెంచి ఉండదని పంతులు పిల్లలకు చెప్పే కథ. గొప్ప కథే. అయితే డోడే దక్షిణాదివాడు. ఆ పల్లెపిల్లల ఇంటి భాష అసలు ఫ్రెంచే కాదన్న మాట ఆ కథలో మనకు వినపడదు. పోయింది బడి భాష, వచ్చింది మరో బడి భాష. ఇంటి భాషను మాత్రం ఎవరూ అడగలేదు.

1918లో ఫ్రాన్సు తిరిగి వచ్చింది. అప్పుడు తల్లిదండ్రుల పుట్టుకను బట్టి జనానికి ఎ, బి, సి, డి అని గుర్తింపు కార్డులు ఇచ్చారు. తండ్రికి ఎ, జర్మనీలో పుట్టిన తల్లికి డి, పిల్లలకు బి ఉన్న ఇళ్లు ఉండేవి.

1940లో హిట్లర్ సేనలు వచ్చాయి. ఫ్రెంచి మాట నిషేధం, ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ మార్పు. చివరికి ఫ్రెంచివారి గుండ్రని టోపీ పెట్టుకోవడం కూడా నేరమైంది. 1942 ఆగస్టు నుంచి కుర్రాళ్లను బలవంతంగా జర్మన్ సైన్యంలోకి లాగారు. అల్సాస్‌తోపాటు పక్కనున్న మోజెల్ జిల్లా నుంచి పోయినవారు సుమారు 1,30,000 మంది. ఎక్కువమందిని రష్యా వైపు పంపారు. 30,000 మందికి పైగా తిరిగి రాలేదు. వీళ్లను ‘మాల్‌గ్రే నూ’ అంటారు, అంటే ‘మాకిష్టం లేకుండానే’ అని.

ఇక్కడే అన్నిటికన్నా చిక్కు సంగతి ఉంది. 1944 జూన్ 10న లిమూజాన్ ప్రాంతంలో ఒరాదూర్ అనే ఊరిని జర్మన్ దళం ఒకటి తగలబెట్టి, 640 మందికి పైగా చంపింది. ఆ దళంలో అల్సాస్ యువకులూ ఉన్నారు. 1953లో బోర్దోలో విచారణ జరిగితే బోనెక్కిన అల్సాస్‌వాళ్లు 14 మంది. వారిలో 13 మంది బలవంతంగా చేర్చబడినవారే. శిక్ష పడింది. కొద్ది రోజుల్లోనే పార్లమెంటు ఆ 13 మందికి క్షమాభిక్ష పెట్టింది. శిక్ష అన్యాయమని అల్సాస్ మండిపడింది, క్షమాభిక్ష అన్యాయమని లిమూజాన్ మండిపడింది. ఆ మంట చల్లారడానికి దశాబ్దాలు పట్టింది.

1870కి ముందు స్ట్రాస్‌బూర్‌లో పుట్టి 1945 దాకా బతికిన అవ్వ, ఇల్లు కదలకుండానే నాలుగుసార్లు దేశం మారింది.

ఆ మార్పుల గుర్తులు ఇంకా ఉన్నాయి. ఫ్రాన్సులో రైళ్లు ఎడమ పట్టాల మీద నడుస్తాయి, అల్సాస్‌లో మాత్రం జర్మన్ పద్ధతిలో కుడివైపు. పాత సరిహద్దు దగ్గర ఒక దారిని మరొకదాని మీదుగా వంతెనెక్కించి పక్క మారుస్తారు. ఫ్రాన్సు 1905లో మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరుచేసినప్పుడు ఈ సీమ జర్మనీలో ఉంది. అందువల్ల ఆ చట్టం ఇక్కడ వర్తించదు. గుడ్ ఫ్రైడే, డిసెంబరు 26 ఇక్కడ సెలవులు.

2016లో పారిస్ ప్రభుత్వం అల్సాస్‌ను ‘గ్రాండ్ ఎస్త్’ అనే పెద్ద ప్రాంతంలో కలిపేసింది. జనం గొడవ పెట్టగా, 2021 జనవరి 1 నుంచి రెండు జిల్లాలకూ కలిపి అల్సాస్ పేరుతో ఒక పాలకమండలి వచ్చింది. 2017 నుంచి స్ట్రాస్‌బూర్ ట్రాము రైన్ నది దాటి జర్మనీలోని కేల్ ఊరికి పోతోంది.

మరి అల్సేషియన్ మాట ఏమైంది? రెండో యుద్ధం తరువాత అది శత్రువు మాటలా వినబడింది. ఫ్రెంచి మాట్లాడటమే నాగరికమని గోడల మీద రాశారు. తల్లిదండ్రులే పిల్లలతో ఫ్రెంచికి మారారు. 2012లో లెక్క తీస్తే అరవై దాటినవారిలో నూటికి 74 మంది అల్సేషియన్ మాట్లాడతామన్నారు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్లో నూటికి ముగ్గురు. ఇప్పుడు స్ట్రాస్‌బూర్ పాతబస్తీ వీధిపలకల మీద రెండు భాషల్లోనూ పేర్లు రాసి ఉన్నాయి.