బోను మూసుకున్నాక

నరసన్నపేట చుట్టుపక్కల వరికోతలై ధాన్యం ఇళ్ళకు చేరాక, వంశధార ఎడమ కాలువ కింది పొలాల్లో తిండి తగ్గిన ఎలుకలు ఇళ్ళ మీద పడతాయి. అటక మీది తీగల బోను అప్పుడే కిందికి దిగుతుంది. ఎర గుచ్చిన కొక్కెం కదలగానే తలుపును ఎత్తిపట్టిన కడ్డీ జారుతుంది, స్ప్రింగు తలుపును మూసేస్తుంది. కొత్త వస్తువంటే ఎలుకకు బెరుకు కనుక, మొదటి కొన్నాళ్ళు తలుపు పడకుండా కట్టేసి ఊరికే ఎర తిననివ్వాలి. పట్టడం వరకూ ఈ యంత్రానికి వంకపెట్టలేం. పట్టాక ఏం చెయ్యాలన్నది మాత్రం తయారుచేసినవాడు మనకు వదిలేశాడు.

పాత యంత్రాలు ఆ పని కూడా తామే ముగించేవి. గోదావరి డెల్టా పొలాల్లో పెట్టే ఎలుక బుట్టలో వంచిన వెదురుబద్ద లేవగానే తాడు బిగిసి ఎలుక చస్తుంది. 1894లో అమెరికాలో విలియం హుకర్ పేటెంటు పొందిన స్ప్రింగు పలకదీ అదే పద్ధతి. వీటి పక్కన తీగల బోను దయగలదిగా కనిపిస్తుంది. నిజానికి అది చావును వాయిదా వేస్తుంది, అంతే. ఎండలో మరిచిపోయిన బోనులో ఎలుక గంటల తరబడి దాహంతో చస్తుంది. బోనుతో సహా నీళ్ళలో ముంచినా అది తేలికైన చావు కాదు. ఒక్క దెబ్బతో ప్రాణం తీసే పలకే, సరిగ్గా పడితే, అంతకంటే నయం.

వినాయకుడి వాహనాన్ని చంపడమెందుకు, ఊరవతల వదిలేస్తే పోదా అంటారు. వదిలిన చోట దానికి కలుగు తెలియదు, తిండి జాడ తెలియదు. చాలావరకు కుక్కకో గుడ్లగూబకో దొరుకుతుంది, బతికితే పక్కవాడి చేలో పడుతుంది. పుణ్యం మనది, నష్టం అతనిది. అయితే మందు పెడితే సరి అనేవారూ ఉన్నారు. బ్రోమాడియోలోన్ వంటి మందు తిన్న ఎలుక రోజుల తర్వాత చస్తుంది. ఈలోగా దాన్ని తిన్న గుడ్లగూబకూ ఆ విషం చేరుతుంది. చచ్చింది గోడ సందులో అయితే ఆ కంపు ఇంటివాళ్ళదే.

బోనుకున్న అసలు గొప్ప వేరు: తప్పు జరిగితే దిద్దుకోనిస్తుంది. ఎండుచేప ఎరకు ముంగిసో పునుగుపిల్లో వస్తే తలుపెత్తి అక్కడికక్కడే వదిలెయ్యవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతోంది కనుక వదలక తప్పదు కూడా. కొబ్బరిముక్క పెడితే ఆ పొరపాటు తగ్గుతుంది. ఏ ఎరయినా పొద్దునా సాయంత్రం బోను చూడాల్సిందే. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అంటుతుంది కనుక చేతికి తొడుగు ఉండాలి. ఇంత చేసినా, ఒకటి పోయిన దారిలోకి ఇంకొకటి వస్తుంది. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు. అందుకే బోను పెట్టిన వారంలోపే తలుపు కింద రేకు కొట్టాలి, గోడ కన్నాల్లో గాజుపెంకులు కలిపిన సిమెంటు కూరాలి.