కృత్రిమ హృదయ కవాటం

మానవ హృదయం నిమిషానికి సుమారు 70 సార్లు స్పందిస్తుంది. ఆ లెక్కన దినానికి లక్ష సార్లు, సంవత్సరానికి మూడున్నర కోట్లకు పైగా. ప్రతి స్పందనలోను నాలుగు కవాటాలు తెరుచుకొని మూసుకొంటాయి. రక్తాన్ని ముందుకు పోనిచ్చి, వెనుకకు మరలనీయకుండా నిలపడం వాటి ధర్మం. బాల్యంలో గొంతునొప్పిగా ఆరంభమై, నిర్లక్ష్యం చేస్తే రుమాటిక్ జ్వరంగా పరిణమించే వ్యాధి ఈ కవాటాలను శాశ్వతంగా చెరచగలదు. మన దేశంలో ఈ జ్వరం పేదల పిల్లలనే అధికంగా పీడించింది. కవాటం పూర్తిగా చెడినప్పుడు దాని స్థానంలో కృత్రిమ కవాటాన్ని అమర్చవలసి వస్తుంది. 1970వ దశకంలో అది విదేశాల నుండి రావలసిందే. శస్త్రచికిత్స చేయగల వైద్యుడు ఎదుటనే ఉన్నా, ఆ చిన్న పరికరం వెల రోగికి అందుబాటులో ఉండేది కాదు.

ఇటువంటి సమస్యలకు పరిష్కారం వెదికేదే జీవవైద్య ఇంజనీరింగ్. ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి., బై.పి.సి. అని చీలిన దారులు ఇక్కడ మరల కలుస్తాయి.

తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో హృదయ శస్త్రవైద్యుడు డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ స్వదేశీ కవాట నిర్మాణానికి పూనుకొన్నారు. ట్రావన్‌కోర్ రాజకుటుంబం ఇచ్చిన ప్రాసాదమే ప్రయోగశాల అయింది. జి.ఎస్. భువనేశ్వర్ మొదలైన ఇంజనీర్లు ఆయనతో కలిసి పనిచేశారు. వారి ఊహ చూపునకు సులభమైనదే: ఒక లోహపు చట్రం, అందులో వాలుతూ లేస్తూ ఉండే గుండ్రని బిళ్ల, గుండెకు కుట్టడానికి చుట్టూ పాలిస్టర్ వస్త్రపు అంచు. కష్టమంతా ఏ పదార్థాన్ని ఎన్నుకోవాలన్న చోటనే ఎదురైంది.

మొదటి నమూనాలో అతుకు వేసిన చోట లోహం పెళుసుబారింది. తరువాత కృత్రిమ నీలమణితో బిళ్లను చేసి టైటానియం చట్రంలో ఉంచారు. కఠినమైన మణి తాకిడికి లోహం అరిగిపోయింది. చట్రానికి మరింత దృఢమైన కోబాల్ట్ మిశ్రలోహాన్ని వాడగా, ఈసారి మణియే పగిలింది. ఏళ్ల శ్రమ మూడు పర్యాయాలు వ్యర్థమైనట్లు కనిపించింది. అయినా ప్రతి వైఫల్యం ఒక కారణాన్ని చూపింది. నాల్గవ నమూనాలో అతుకులకు తావు లేకుండా చట్రాన్ని ఒకే లోహపు ముద్ద నుండి చెక్కారు. మణికి బదులు ప్రత్యేకమైన పాలిథిలీన్ బిళ్లను అమర్చారు. కృత్రిమ తుంటి కీళ్లలో అప్పటికే వాడుకలో ఉన్న ప్లాస్టిక్ అది. మణి ముందు ప్లాస్టిక్ అల్పంగా తోచవచ్చు. కాని దెబ్బను తనలో ఇముడ్చుకొనే మెత్తదనం దానికే ఉంది.

ఈ కవాటాన్ని యంత్రంపై వేగంగా 35 కోట్ల సార్లకు పైగా తెరిచి మూయించి పరీక్షించారు. ఇది గుండె తొమ్మిదేళ్లకు పైగా చేసే పనికి సమానం. గొర్రెలలో అమర్చి దీర్ఘకాలం గమనించారు. ఆ పిమ్మట 1990 డిసెంబరు 6న తొలిసారిగా ఒక రోగికి అమర్చారు. టి.టి.కె. సంస్థ ద్వారా ఉత్పత్తియై, దిగుమతి కవాటాల కంటె తక్కువ ధరకు లభించి, ఇది లక్షకు పైగా రోగులకు చేరింది. ఇది నిర్దోషమైనదని చెప్పరాదు. ఇతర లోహ కవాటాల వలెనే దీనిని ధరించినవారు కూడ రక్తం గడ్డకట్టకుండ జీవితాంతం మందు వాడవలసి ఉంటుంది.

డాక్టర్ వలియత్తాన్ 2024లో మరణించారు. విశేషమేమనగా, ఆ బృందం తన విఫల నమూనాల కథను కూడ శాస్త్ర పత్రికలో ప్రకటించింది. విజయాన్ని మాత్రమే వర్ణించే పుస్తకం కంటె అట్టి వ్యాసం విద్యార్థికి మిన్న. ప్రాథమిక జ్ఞానానికి ఐ.ఐ.టి.లు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. ఉపన్యాసాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలోను, సమీపంలోని కందిలో ఉన్న ఐ.ఐ.టి.లోను ఈ శాస్త్రానికి ప్రత్యేక విభాగాలు ఉన్నాయి.